బాగున్న మోకాలు

రామచంద్రపురం నుంచి రాజమండ్రి వెళ్లే బస్సులో, మోకాలికి పట్టీ కట్టుకున్న ఓ యువకుడికి నా పక్కన చోటిచ్చాను. ప్రొఫెషనల్ కబడ్డీ ఆటగాడట. "ఆముదం వెచ్చచేసి రాయి బాబూ" అంది వెనక సీటావిడ. "అలాగేనండి" అన్నాడు.

కాసేపటికి నాతో మెల్లగా చెప్పాడు. "మోకాలు బాగానే ఉందండి. కూతకెళ్తుంటే గుండెదడొచ్చి ఊపిరి ఆడట్లేదు. మోకాలంటే రెస్ట్ ఇస్తారు, భయమంటే టీమ్‌లోంచి తీసేస్తారండి."

నాకు ఒళ్లు మండింది. ఆటగాడి మోకాలికి వైద్యుణ్ణి పెట్టినవాళ్లకు, అతనికో మనసుందని తెలియదా? దిష్టిని నమ్మే జనాన్ని నా వ్యాసాల్లో ఏళ్ల తరబడి తిట్టాను కానీ, చదువుకున్నవాళ్ల ఈ మూఢత్వం గురించి ఒక్క ముక్క రాయలేదు.

రాజమండ్రిలో నాకు తెలిసిన మానసిక వైద్యుడి చిరునామా రాసిచ్చాను. ఇందులో సిగ్గుపడాల్సింది లేదని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఓపిగ్గా విన్నాడు.

"బయట బోర్డు మీద ఏం రాసుంటుందండి?"

"మానసిక వైద్యశాల అని."

"మా కోచ్‌గారిల్లు ఆ వీధిలోనేనండి" అంటూ కాగితం తిరిగిచ్చేశాడు.

అతని ఫోన్ నంబరు తీసుకున్నాను. దేన్నీ దాచొద్దని ఊరూరా ప్రసంగించే నేను, ఆ సాయంత్రం ఆ వైద్యశాలకు వెళ్లి, వెనక గుమ్మం ఉందా అని అడిగాను.