రివర్సు గేరు లేని రష్యా జనరల్

మా దేవప్ప వెనక్కి పోడు. ఇది పొగడ్త కాదు, ఉన్న మాట. నడిచినా, జీపు తోలినా, నోరు విప్పినా ఆయనకు ముందుకే దారి. గొడుగు ఇంట్లో మర్చిపోయి నాలుగడుగులు వేశాడంటే అంతే, మళ్ళీ వెనుదిరగడు. ఊరంతా ఒక చుట్టు చుట్టి, ఇంటి ముందుకొచ్చి గొడుగు అందుకుంటాడు. ఈలోగా వాన వెలిసిపోతుంది. తడిసి ముద్దయిన మనిషి మడిచిన గొడుగు చంకలో పెట్టుకుని ఎండలో పోతుంటే కొత్తవాళ్ళు నిలబడి చూస్తారు. మేము మాత్రం చూడం. అలవాటైపోయింది.

ఆయనదీ నాదీ పెద్దపంజాణి మండలంలో ఒకే పల్లె. మిలటరీలో ట్యాంకు డ్రైవరుగా చేరి రిసాల్దారు హోదాలో రిటైరయ్యాడు. మధ్యలో కొత్త ట్యాంకుల ట్రైనింగు కోసం ఆరు నెలలు రష్యా పంపారు. అక్కడినుంచి ఒక బొచ్చు టోపీ, రెండు రష్యా మాటలు తెచ్చుకున్నాడు. ఆ రెండు మాటలు "నజాద్ న్యెత్". అంటే వెనక్కి లేదని అర్థం. ఏప్రిల్ నెలలో, పుంగనూరు ఎండలో, ఆ టోపీ పెట్టుకుని బజారులో నడిచిన రోజున ఆయనకు 'రష్యా జనరల్' అని పేరు పడింది. ఆయన జనరలూ కాదు, రష్యావాడూ కాదు. పేరు మాత్రం పోలేదు.

ఒకసారి ఆయన జీపులో టమోటా బుట్టలు వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు పోయాం. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి ఊపాడు.

"లోపల్నుంచి లారీ వస్తాండాది. కొంచెం వెనక్కి తియ్యప్పా."

"నజాద్ న్యెత్."

"ఏంది, తిడతాండావా?"

"లేదప్పా, రష్యా భాషలో మర్యాదగా చెప్తాండాడు," అన్నాను నేను.

చివరికి పక్క సందులోంచి ముందుకే పోయి, ఊరు సగం చుట్టి, మళ్ళీ వరస చివర నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి పొద్దున దోరగా ఉన్న కాయలు మెత్తబడిపోయాయి. "ఏం పర్లేదు, పచ్చడికి బాగుంటాయి," అన్నాడాయన.

పోయిన ఏడు ఒక శనివారం పుంగనూరులో నా ఎరువుల అంగడికి వచ్చి, గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"సుదర్శనా, నేను సర్పంచికి నిలబడతాండా. నువ్వే నా ఏజెంటు."

నా చేతిలోని పురుగుమందు డబ్బా జారి కాలి మీద పడింది.

"ఈ వయసులో నీకు యాల దేవప్పా?"

"మాకు రష్యాలో ట్రైనింగిచ్చిన జనరల్ బురాకోవ్ రిటైరై రాజకీయాల్లోకి పోయినాడు. వాళ్ళ రాష్ట్రానికి గవర్నరయినాడు. ఆడ అది ఎలక్షన్ పదవి. ఆయన చేసింది నేను చెయ్యలేనా?"

"ఆయన ఎట్ల గెలిచినాడంట?"

"ఎదురుగా ఎవురూ నిలబడలేదంట."

నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మరుసటి రోజే అది పోయింది. మా పంచాయతీలోనే ఉన్న గుట్ట కింది పల్లె నుంచి గొర్రెలు మేపుకునే నాగవేణి నామినేషన్ వేసింది. ఆ పల్లెలో నలభై రెండు ఇళ్ళు. తాగే నీళ్ళకు ఆడవాళ్ళు రోజూ మైలున్నర నడవాలి. ఎన్ని అర్జీలు పెట్టినా పైపు రాలేదని, ఇక తనే అడుగుతానని ఆమె పంతం.

మా జనరల్ నీళ్ళ గురించే మొదటి ప్రసంగం చేశాడు. 'ఊరికొక ట్యాంకు కట్టిస్తా' అనవలసినవాడు ఆవేశంలో "ఇంటికొక ట్యాంకు ఇస్తా!" అన్నాడు. జనం నోళ్ళు తెరిచారు. ముందు వరసలో ముసలి రామక్క లేచింది.

"మా ఇంటి ముందర యాడ పెడతావప్పా? అది పేలిస్తే మా మేకలు బెదరవా?"

నేను ఆయన చెవిలో, "నీళ్ళ ట్యాంకని చెప్పు. ఇంటికొకటి కాదు, ఊరికొకటని చెప్పు," అన్నాను.

"అన్న మాట వెనక్కి తీసుకోమంటావా?"

"అవును!"

"నజాద్ న్యెత్."

ఆ వారమంతా రెండు పల్లెల వాళ్ళు యుద్ధం ఎప్పుడని నన్ను అడిగారు.

ఇది చాలదన్నట్టు ఊరేగింపు రోజున ఇరుకు సందులో మా జీపుకు ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చి ఇరుక్కుంది. జీపు వెనక డప్పులు, డప్పులకు ఎగురుతున్న చిన్నపిల్లలు. పదడుగులు వెనక్కి తీస్తే ట్రాక్టరు పోతుంది. జనరల్ ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ట్రాక్టరులోని గడ్డి మొత్తం దించి, ట్రాలీ విప్పి, దారి చేసేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నాగవేణి మనుషులు ఊళ్ళో ప్రతి గడపా తొక్కి వచ్చారు.

నాకు తిక్క పుట్టింది. మరునాడు కుప్పం బస్సెక్కాను. అక్కడ ఆయన మిలటరీ స్నేహితుడు గంగులయ్య రైల్వే స్టేషను దగ్గర టీ అంగడి నడుపుతాడు. ఈ మనిషికి బుద్ధి చెప్పగలిగితే ఆయనే చెప్పాలి.

గంగులయ్య కుడికాలు కొంచెం ఎగరేస్తూ వచ్చి టీ ఇచ్చాడు. నా గోడంతా విని పడీపడీ నవ్వాడు.

"ఈ కాలు సూసినావా? దీని మీద ట్యాంకు ఎక్కించింది మీ జనరలే."

నేను టీ గ్లాసు కింద పెట్టేసి, వంగి ఆ కాలి వైపు చూశాను.

"రాజస్థాన్‌లోప్పా. వాడు వెనక్కి తీస్తాండాడు, నేను వెనక నిలబడి సైగ చేస్తాండా. ఇసక దుమ్ములో వాడికి నేను కనబళ్ళేదు. ఇసక మెత్తగా ఉండబట్టి కాలు దక్కింది, రెండు వేళ్ళు పోయినాయి. ఆస్పత్రిలో నేను నవ్వుతాండా, వాడు ఏడుస్తాండాడు. డాక్టరొచ్చి, మీ ఇద్దరిలో పేషెంటు ఎవురప్పా అని అడిగినాడు."

"ఆ పొద్దు నుంచేనా ఇది?"

"ఆ పొద్దే ఒట్టేసినాడు. 'ముందరుండేవాళ్ళు కనబడతారు గంగులయ్యా, వెనకుండేవాళ్ళు కనబడరు. ఇంక నేను వెనక్కి పోను' అని. ట్యాంకు వరకేలే అనుకుంటి. అది కాళ్ళకు పాకింది, నోటికి పాకింది. రష్యాకు పోతే ఆడ మాట కూడా దొరికింది. ఇంగ ఎవురు ఆపేది?"

సందులో జీపు వెనక ఎగిరిన పిల్లలు నా కళ్ళ ముందు మెదిలారు. బుద్ధి చెప్పించడానికి పోయినవాణ్ణి బుద్ధి తెచ్చుకుని తిరిగొచ్చాను.

ప్రచారం ఆఖరి రోజున ఇద్దరూ ఒకే వేదిక మీద మాట్లాడాలని ఊళ్ళో కుర్రవాళ్ళు పట్టుబట్టారు. మొదట జనరల్ మాట్లాడాడు. తర్వాత నాగవేణి వంతు. ఆయన మైకు ముందు నుంచి కదలకపోతే ఆమె పక్కనే ఇరుక్కుని నిలబడింది. ఆమెకు మైకు కొత్త. "అమ్మల్లారా..." అంది, మైకు కీచుమనేసరికి ఆగిపోయింది. కింద ఈలలు మొదలయ్యాయి. ఒకడు గొర్రెలాగా అరిచాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మెట్ల వైపు కదిలింది. మా గెలుపు ఖాయమని నాకు అర్థమైపోయింది.

మైకు ముందు ఇంకా జనరలే ఉన్నాడు. ఆయన మెడ తిప్పి వెనక్కి చూశాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వెనక ఎవరూ లేరని తేల్చుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఈలలు ఆగాయి.

రెండో అడుగు. రామక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

మూడో అడుగు వేసి అటెన్షన్‌లో నిలబడ్డాడు. మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరూ చూడని వింత అది. వెయ్యి మంది ఊపిరి బిగబట్టారు.

"మైకు నీదమ్మా నాగవేణీ. నిదానంగా చెప్పు," అన్నాడు.

అంత నిశ్శబ్దం ఏ నాయకుడికీ దొరికి ఉండదు. ఆ నిశ్శబ్దంలో నాగవేణి తన బిందె గురించి, మైలున్నర గురించి, కడుపుతో ఉండి నీళ్ళు మోసిన చెల్లెలి గురించి పావుగంట చెప్పింది. ఎవరూ దగ్గలేదు.

పందొమ్మిది ఓట్లతో ఆమే గెలిచింది.

నేను తలపట్టుకుని కూర్చున్నాను. జనరల్ బొచ్చు టోపీ సర్దుకుని, నేరుగా ఆమె ముందుకు నడిచి, మడమలు కొట్టి సెల్యూట్ చేశాడు. కంగారులో ఆమె కర్ర పట్టుకున్న ఎడమ చేతినే నుదుటికి ఎత్తింది. జనరల్ మొహం చూడాలి! ఓడిపోయినప్పుడు కూడా అలా పాలిపోలేదు.

"ఎడమ చెయ్యి కాదమ్మా! సర్పంచివి నువ్వు! ఇట్ల సూడు!"

సాయంత్రం దాకా నేర్పాడు. చుట్టూ చేరిన ఆడవాళ్ళూ వరసలో నిలబడి నేర్చుకున్నారు. మరుసటి వారం పైపులైను అర్జీ మీద విచారణకు ఒక అధికారి గుట్ట కింది పల్లెకు వచ్చి జీపు దిగాడో లేదో, బిందెలు దించి నలభై మంది ఆడవాళ్ళు ఒకేసారి మడమలు కొట్టి సెల్యూట్ చేశారు. పాపం, ఆయన బిత్తరపోయి, తనూ సెల్యూట్ కొట్టి, చేతిలోని పైపు మంజూరు ఫైలు బానెట్టు మీదే పెట్టి సంతకం చేశాడు.