దొంగ మచ్చ

ఆసుపత్రిలో ఎమ్మారై మెషిన్ నడిపే ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. కొత్తగా చేరిన వాళ్లందరికీ పని నేర్పింది ఆయనే మరి.

ఆయన భార్య పోయి మూడేళ్లయింది. తలలో గడ్డ. ఆ స్కాను తీసింది కూడా ఆయనే. ఇంకొకరికి అప్పగించమని స్కానులు చూసే డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. చిన్నమెదడులో తెల్లటి మచ్చ కనబడితే ఆయన నమ్మలేదు. స్కానులో కనబడేదంతా నిజం కాదని ఆయనకంటే ఎవరికి తెలుసు? మనిషి కదిలితే బొమ్మ చెదురుతుంది. పెద్ద రక్తనాళంలో రక్తం ఉరకలు వేస్తే ఒక్కోసారి పక్కన లేని మచ్చ పడుతుంది. తాడును చూసి పామనుకోవడం లాంటిదే. బొమ్మ కొలిచే దిశ మార్చి మళ్లీ తీస్తే దొంగ మచ్చ చోటు మారుతుంది. నిజం మచ్చ మారదు. ఆయన మార్చి మార్చి తీశాడు. అది రవ్వంత కూడా కదల్లేదు.

మొన్నొక మధ్యాహ్నం బట్టలు కుట్టే ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడకు నెలల తరబడి కళ్లు తిరుగుతున్నాయట. వేరేచోట తీసిన స్కానులో గడ్డ ఉందన్నారట.

"ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారండీ. ఇంకోసారి చూపించమని మా బావమరిది పోరు పెడితే వచ్చాం," అన్నాడు భర్త.

మాస్టారు ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అదే చిన్నమెదడు, అదే తెలుపు. కానీ ఆ మచ్చ చెవి వెనక పెద్ద రక్తనాళానికి సరిగ్గా ఎదురు వరసలో ఉంది. ఆయన ముందు మామూలుగా తీశాడు. మచ్చ వచ్చింది. దిశ మార్చి తీశాడు. ఆ చోట ఏమీ లేదు.

డాక్టరమ్మ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ దంపతులను పిలిచి, "గడ్డా లేదు, గిడ్డా లేదు. ఆ తిరుగుడు చెవి వల్ల కావచ్చు, చెవి డాక్టరుకు చూపించండి," అంది.

"అయితే నా తలలో ఏమీ లేదంటారా?"

"ఆ మాట పెళ్లైన మర్నాడే చెప్పాను నేను," అన్నాడు భర్త. ఆవిడ ఫిల్ము కవరుతో అతన్ని ఒక్కటి వేసి, ఆ కవరులోనే మొహం దాచుకుని ఏడ్చింది.

వాళ్లు వెళ్లాక మాస్టారు కంప్యూటరులో భార్య స్కాను తెరిచాడు. డాక్టరమ్మ చూసింది.

"ఇంకా తప్పు వెతుకుతున్నారా మాస్టారూ?"

"లేదమ్మా. దొరికితే మాత్రం ఇప్పుడేం చేసుకుంటాను?" ఆయన ఒక బొమ్మ దగ్గర ఆగాడు. "ఇదొక్కటే చెదిరింది, చూడండి. తను నవ్వింది."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎందుకు నవ్వారు?"

మూడేళ్లలో ఆయన్ని ఎవరూ అలాంటిది అడగలేదు.

"తెర మీద మచ్చ కనబడింది. నా గొంతు వింటే తనకు తెలిసిపోతుందని, మైకులో పరాయివాడిలా 'అమ్మా, కదలకండి' అన్నాను. 'అలాగే బాబూ' అని పకపకా నవ్వింది. మళ్లీ తియ్యాల్సి వచ్చింది. ఇది మాత్రం చెరిపెయ్యలేదు."