పులికాట్ నీళ్లల్లో మా లారీ

ఆ రోజుల్లో నేను కంప్యూటరు తెర మీద కనిపించేదంతా నిజమని నమ్మేదాన్ని. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో అమ్మ చేత పూటకో తిట్టు తింటున్న కాలం. మనుబోలులో హైవే పక్కన లారీలు నడిపే మా మేనమామకి జాలేసి, "పాపని నా ఆఫీసుకి పంపించక్కా, కంప్యూటరు చూసుకుంటాది" అన్నాడు. ఆఫీసంటే ఒక రేకుల గది, పాత కంప్యూటరు, చక్రాలున్న ఒక కుర్చీ. (ఆ కుర్చీలో కూర్చుని ఈ గోడ నుంచి ఆ గోడకి జారడమే మొదటి వారం నేను చేసిన ఉద్యోగం.) ఉన్నవి నాలుగు లారీలు. ఒక్కోదానికీ మామ అయస్కాంతంతో అతుక్కునే చిన్న నల్ల డబ్బా తగిలించాడు. బండి ఎక్కడుందో ఆ డబ్బా నా తెర మీది మ్యాపులో చుక్కగా చూపిస్తుంది. బండి కదులుతుంటే చుక్క పచ్చగా ఉంటుంది, ఆగితే ఎర్రబడుతుంది. ఆ నాలుగు చుక్కల్నీ చూస్తూ నేను కలెక్టరమ్మలా ఫీలైపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే డ్రైవర్లు నలుగురూ కలిసి వచ్చి ఓవర్‌టైం అడిగారు. వాళ్లకి పెద్ద స్తోత్రమన్న. (అసలు పేరు వేరే. టైరు పంక్చరైనా, టీలో చక్కెర ఎక్కువైనా "దేవునికి స్తోత్రం" అంటాడు గనక ఊరు పెట్టిన పేరది. చర్చిలో పాస్టరుగారు కూడా అలాగే పిలిచేవారు.) మా మామకి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. అంచేత మామ కాదనలేక, "సరే, రోజుకి ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైం ఇస్తా, పోండి" అన్నాడు. వాళ్లు సంతోషించే లోపలే, "బండి కదిలిన గంటలే లెక్క. పాప కంప్యూటర్లో చూస్తాది" అని మెలిక పెట్టాడు. మా బండ్లన్నీ బియ్యం బస్తాలేసుకుని తడ దగ్గర ఒక గోడౌనుకి పోతాయి. దారి రెండు గంటలే. గోడౌను గేటు ముందు లైను మాత్రం పగలంతా ఉంటుంది. అంటే మామ లెక్క ప్రకారం ఓవర్‌టైం ఈ జన్మలో ఎవ్వరికీ రాదు.

"అన్నా, లైన్లో నేను సీటు దిగితే ఎనక బండోడు ముందుకి దూరతాడు. ఒంటేలుకి పోవాలన్నా బయమే. అది పని గాదా?" అన్నాడు స్తోత్రమన్న.

"కూర్చుంటే పనేందయ్యా? మీ వదిన పొద్దస్తమానం టీవీ ముందర కూర్చోనుంటాది. ఆమెకీ ఈమంటావా ఓవర్‌టైం?" అన్నాడు మామ. (ఆ మాట ఎలా చేరిందో అత్త చెవికి చేరింది. మరుసటి రోజు మామ మధ్యాహ్నం భోజనానికి హోటలుకి పోయాడు.)

స్తోత్రమన్న తువ్వాలు దులుపుకుని, "అట్లయితే నెల తిరిగేసరికి తడలో కంపెనీ బండికి పోతానన్నా. ఆడ గేటు ముందర కూర్చున్నా లెక్కేస్తారంట" అన్నాడు. మామ మొహం కాస్త వాడింది గానీ మాట మార్చుకోలేదు. అప్పుడు నేను కుర్చీని జారించుకుంటూ వాళ్ల మధ్యలోకి వచ్చి, "రూలంటే రూలే అన్నా, సిస్టంలో అట్లా లేదు" అన్నాను. గట్టిగా ఇరవై రెండేళ్లు లేవు నాకు, లారీ మెట్టు కూడా ఎక్కి ఎరగను. ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "సిస్టంలో లేదా? అట్నే పాపా. దేవునికి స్తోత్రం" అన్నాడు. ఆ స్తోత్రంలో ఏదో తేడా ఉందని పట్టుకునే తెలివి నాకు అప్పటికి రాలేదు.

అంతే, మరుసటి రోజు నుంచి స్తోత్రమన్న చుక్క ఎర్రబడడం మానేసింది. గోడౌను దాకా బుద్ధిగా పోతుంది. అక్కడి నుంచి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగడం మొదలుపెడుతుంది. ఏ వీధీ వదలదు. ఒక్కో వీధిలో రెండు మూడు ఇళ్ల ముందు ఒక్క నిమిషం ఆగి, ఎర్రబడే లోపలే మళ్లీ బయల్దేరుతుంది. పెళ్లి పిలుపులకి బయల్దేరిన పెద్దమనిషిలా ఉండేది దాని వరస. ఫోను చేసి, "ఏందన్నా, ఊళ్లల్లోకి పోయినావు?" అని అడిగితే "డైవర్షను పాపా" అన్నాడు. "రోజూనా?" అంటే "రోజూనే పాపా, ఏం జేస్తాం" అన్నాడు. నేను భద్రంగా ఓవర్‌టైం వేశాను. మామ కూడా, "చూసినావా, రూలు పెడితే ఎట్టా కష్టపడతాండాడో!" అని మురిసిపోయాడు. పైగా ఇంత తిరిగినా డీజిలు అదనంగా ఒక్క లీటరు తాగలేదని ఆ ఇంజనుకి దండం కూడా పెట్టుకున్నాడు. (అక్కడే అనుమానం రావాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది?)

అలా సాగుతుండగా ఒకరోజు ఆ చుక్క తిన్నగా పులికాట్ సరస్సు వైపు పోయింది. గట్టు దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగకుండా నీలం రంగులోకి దిగిపోయింది.

"మామా, స్తోత్రమన్న బండి పులికాట్లో పోతా ఉండాది."

"పులికాట్ రోడ్డు మీదనా?"

"రోడ్డు మీద కాదు మామా. పులికాట్లో."

మామ వచ్చి చూశాడు. నాలుగు పక్కలా నీళ్లు, మధ్యలో మా లారీ, పచ్చగా, నింపాదిగా ఇంకా లోపలికి పోతోంది. ఫోను చేస్తే మోగుతోంది గానీ తీయడం లేదు. "అయ్యో, నా బియ్యం!" అన్నాడు మామ ముందు. కారెక్కుతూ "అయ్యో, నా బండి!" అన్నాడు. నాయుడుపేట దాటాక తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ, "వాడేమైపోయినాడో పాపా. నా చేతికి స్టీరింగు ఇచ్చినోడు" అన్నాడు. మామ ఏడవడం నేను చూడడం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది. అయినా ఫోన్లో కూడా కనిపించే ఆ చుక్కని చూపించి, "ఇంకా పచ్చగానే ఉండాది మామా, మునిగిపోతే కదలదు గదా" అని నాకు తెలిసిన సైన్సుతో ధైర్యం చెప్పాను.

గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్న వాళ్లని మామ రొప్పుతూ, "ఇట్టా నీళ్లల్లోకి లారీ ఏమన్నా పోయిందా అన్నా?" అని అడిగాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన ఎంతో మర్యాదగా, "లోడుతోనా, కాళీగానా?" అని అడిగాడు. మామ నిజంగానే "లోడుతోనే" అన్నాడు. అందరూ పగలబడి నవ్వుతుంటే, నా ఫోన్లో చుక్క గట్టు వైపు రావడం మొదలుపెట్టింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఒక పడవ వస్తోంది. పడవ ఆగీ ఆగకముందే మామ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగిపోయి, అందులోని చేపల తట్ట బోర్లించాడు. అడుగున, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మా నల్ల డబ్బా.

పడవాయనకి ఏమీ అర్థం కాలేదు. "ఇది లారీ డ్రైవరన్నది గదా! మా ఇంటామె స్కూటీ మీద ఊళ్లల్లో చేపలమ్ముతాది. రోజూ ఇది తట్టలో ఏసుకుని తిప్పమన్నాడంట, ఏదో మొక్కుబడి అని. ఈ పొద్దు ఆమెకి జొరం, ఆ తట్టని నేనే పడవలో ఏసుకుని చేపలకి పోయినా" అన్నాడు. ఏడుస్తూ వచ్చిన మామకి ఒక్కసారిగా ఒళ్లు మండిపోయింది.

గోడౌను దగ్గర లైన్లో బండి బండిలాగే ఉంది. ఫోను ఎదురుగా టీ బంకులో చార్జింగు పెట్టి, స్తోత్రమన్న సీట్లో కూర్చుని అరిటిపండు తింటున్నాడు. "దిగు! ఈ క్షణమే నిన్ను పన్లోంచి తీసేసినా!" అని మామ అరిచాడు. ఆయన డబ్బా చూశాడు, మామ తడిసిన పంచె చూశాడు, సంగతి తెలిసిపోయింది. దిగి, తాళంచెవి మామ చేతిలో పెట్టి, "దేవునికి స్తోత్రం" అంటూ టీ బంకు వైపు నడిచాడు. అంతలో లైను కదిలింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. ఇక చేసేదేముంది, మామే సీటెక్కాడు. నేను పక్కన ఎక్కాను.

ఆ మధ్యాహ్నం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక బండి పొడుగు ముందుకి పోవడం, ఆగడం. కింద ఇంజను, పైన ఎండ, మధ్యలో పెనం మీద దోసెల్లాగా మేమిద్దరం. మామ తువ్వాలు పిండితే చెంబుడు నీళ్లొచ్చేవి. ఒకసారి అవసరానికి దిగబోయాడు, పక్కనున్న బండి ముక్కు మా ముందుకి వచ్చేసింది. పరుగెత్తుకొచ్చి దాని డ్రైవరుతో చొక్కాలు పట్టుకునే దాకా పోయాడు. గేటు సెక్యూరిటీ కుర్రాడొకడు తలుపు మీద కర్రతో కొట్టి, "ఏం డ్రైవరూ, నిద్దరపోతాండావా?" అన్నాడు. నాలుగు లారీల ఓనరు నోరెత్తలేదు, లైను పోతుందని భయం. టీ బంకు ముందు బెంచీ మీద స్తోత్రమన్న కాలు మీద కాలేసుకుని ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ముందు రెండే బండ్లున్నాయనగా గేటు మూసేశారు.

"ఈ రోజుకింతే. రేప్పొద్దున రండి" అన్నాడు సెక్యూరిటీ.

"రేపా?" మామ గొంతు చించుకుని అరిచాడు. "మద్దేనం నుంచి ఇంత పని జేస్తే రేపు రమ్మంటావేందిరా?"

నాకు నోరు ఊరుకుంటే గదా. "పనెక్కడ జేసినావు మామా, కూర్చున్నావు గదా" అన్నాను.

కొడతాడనుకున్నాను. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తర్వాత దిగి, రోడ్డు దాటి, స్తోత్రమన్న పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. తాళంచెవి ఆయన జేబులో తనే వేశాడు. "గేటు ముందర గంటలు గూడా లెక్కెయ్ పాపా, అందరికీ" అన్నాడు నా వైపు చూడకుండా. స్తోత్రమన్న నోరు తెరవబోతే, "నువ్వు గమ్మునుండు. ఈ మద్దేనం గంటలు మాత్రం నావి, నీకు ఈను" అన్నాడు. స్తోత్రమన్న నవ్వి, మామకి టీ చెప్పాడు. తడ కంపెనీకి పోలేదు.

ఇప్పుడు నేను నెల్లూరులో ఇంట్లోనే కూర్చుని ఒక పెద్ద కంపెనీకి పని చేస్తున్నాను. అవతలి వాళ్లు ఫైలు పంపే దాకా నాకు చేతిలో పనుండదు. అయితే కాసేపు మౌసు కదలకపోతే నా పేరు పక్కన రంగు మారిపోతుంది, మేనేజరు మెసేజి వస్తుంది. అందుకని తల తిప్పే టేబుల్ ఫ్యాను మెడకి దారం కట్టి, దాని కొసకి మౌసు కట్టాను. ఫ్యాను అటు తిరిగితే మౌసు అటు, ఇటు తిరిగితే ఇటు. మొన్న మామ ఇంటికొచ్చి అదంతా చాలాసేపు చూశాడు. "పాపా, మీ సిస్టంలో ఫ్యానుకి గూడా ఓవర్‌టైం ఇస్తారా?" అని అడిగాడు. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లొచ్చాయి నాకు. "రూలంటే రూలే అన్నా" అన్న ఆ పిల్ల ఇప్పుడు కనబడితే కుర్చీలోంచి లేపి గేటు ముందు లారీలో కూర్చోబెట్టాలనిపించింది, ఎండలో, ఒక్క పూట. తర్వాత చల్లగా సోడా కూడా నేనే కొనిచ్చేదాన్ని, పాపం.