పెద్దమ్మ వదిలేసిన మూడు నిమిషాలు

నేను తీసిన పొట్టి సినిమా నిడివి ఇరవై రెండు నిమిషాలు. హైదరాబాదులో ఎడిటింగ్ చేసే ఒకాయనకు స్నేహితుడి ద్వారా దాని గురించి చెప్పించాను. పదిహేను నిమిషాలు దాటితే చూడనని, నచ్చితే తన దగ్గర పని నేర్పిస్తానని ఆయన అన్నాడు. వారం గడువు. ఆ వారం దాటితే మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరాలి. ఏడు నిమిషాలు సరిగ్గా కోయగలిగితే ఒక దారి, లేకపోతే ఇంకో దారి.

కథ చిన్నది. కూతురు చదువు మానేస్తానంది. తండ్రి ఆమెతో మాటలు మానేశాడు. కాలేజీలో సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవడానికి ఇద్దరూ కారంపూడి నుంచి నరసరావుపేటకు బస్సులో వెళ్తారు.

మెకానికల్ డిప్లొమా చదివే రోజుల నుంచీ నాకొక అలవాటు. చూసిన ప్రతి సినిమానూ, సీరియల్‌నూ పట్టికగా రాస్తాను: సీను నంబరు, ఎంతసేపు, ఎవరికి ఏం కావాలి, చివరికి ఏం మారింది. ఏమీ మారని సీను అనవసరం అన్నది నా సూత్రం. నా సినిమాకూ అదే పట్టిక వేశాను. ఏమీ మారనివి, కెమెరా ఊగినవి, ఫోకస్ తప్పినవి తీసేస్తే పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లు వచ్చింది. లెక్క కుదిరింది, సినిమా చచ్చిపోయింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

మా ఇంటి పక్క రేకుల షెడ్డులో అప్పుడు మిరపకాయలకు తొడిమలు తీసే పని నడుస్తోంది. అమ్మ కూడా వెళ్తుంది. ముందురోజు సీరియల్ చూడనివాళ్లకు అక్కడ ఎవరో ఒకరు కథ చెప్పాలి. ఆ పని ఎప్పుడూ ఎదురింటి పెద్దమ్మదే. అరగంట ఎపిసోడ్‌ను ఆమె రెండు దోసిళ్ల కాయలు అయ్యేలోపు చెప్పేస్తుంది. ఇంకేదో మిగిలిపోయిందని ఎవరికీ అనిపించదు. ఒకరోజు అమ్మకు క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి అది వింటూ నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే పెద్దమ్మను ఇంటికి పిలిచి, కోయని సినిమా మొత్తం లాప్‌టాప్‌లో చూపించాను. బాగుందా అని అడగలేదు. రేపు షెడ్డులో ఈ కథ చెప్పమన్నాను.

"ఏందిరా, నాకు పరీచ్చ పెడతన్నావా?"

"నాకే పెద్దమ్మా."

మర్నాడు పట్టిక పట్టుకుని కాయల గుట్ట పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ మొదలుపెట్టింది.

"తండ్రీ కూతుళ్లకి మాటల్లేవు. బస్సెక్కారు. కిటికీ పక్కన పిల్ల. ఎండ మొహాన కొడతంది. ఆయనేం మాట్లాడలా. బుజాన తువ్వాలు తీసి కిటికీ కమ్మీకి కట్టి, మళ్లా అటు తిరిగి కూచున్నాడు."

పక్కనున్న పిన్ని చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. "అంత కోపం ఉన్నోడు కట్టాడా?"

"కోపం కోపమే, ఎండ ఎండే గదే. గాలికి ఎగిరిపోకుండా ఆ పిల్ల తువ్వాలు కొస పట్టుకుంది. ఆనక కాలేజీ గేటు దాకా పోయి, లోపలికి పోకుండానే ఎనక్కొచ్చారు. అంతే."

నేను ఆగలేకపోయాను. "హోటల్లో ఆయన మాట్లాడింది చెప్పలేదేంది?"

"మాట్లాడాడా? ఆఁ, ఏదో చానాసేపు చెప్పాడులే. తువ్వాలు కట్టినప్పుడే అయిపాయె గదరా, మళ్లా దేనికి?"

అందరూ నవ్వారు. నేను చేతిలో పట్టిక చూసుకున్నాను. ఆ హోటల్ సీను మూడు నిమిషాలు. అందులో తండ్రి మాటలు తొమ్మిదిసార్లు తిరగరాశాను. తువ్వాలు షాటేమో కెమెరా ఊగిందని తీసేశాను. పట్టికలో దాని పక్కన "ఏం మారింది" గడిలో "ఏమీ లేదు" అని నా చేత్తోనే రాసి ఉంది. అక్కడ ఎవరూ నోరు విప్పలేదు కాబట్టి ఏమీ మారలేదనుకున్నాను.

ఇంకో సంగతి. కూతురు తువ్వాలు కొస పట్టుకోవడం సినిమాలో ఎక్కడా లేదు. తీసినదంతా వెతికాను. అది పెద్దమ్మ కల్పించింది. కథకు ఏం తక్కువైందో ఆమెకు తెలియకుండానే చెప్పేసింది. మర్నాడు కూతురుగా వేసిన అమ్మాయిని బతిమాలి, అదే బస్సులో ఆమె చెయ్యి ఒక్కటి నాలుగు సెకన్లు తీశాను. హోటల్ సీను మొత్తం పోయింది. తువ్వాలు ఊగుతూనే తిరిగొచ్చింది. పన్నెండు నిమిషాల పది సెకన్లు. పంపాను.

గడువుకు ఒకరోజు ముందు హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. "సౌండ్ ఘోరంగా ఉంది. సోమవారం రా, ముందు అది బాగుచేయడం నేర్చుకుందువు."

పరుగున వెళ్లి షెడ్డులో అమ్మకు చెప్పాను.

"ఏం పనంట?"

"బస్సు రొద తగ్గించడం."

"తగ్గిస్తే తగ్గించారు గానీ, మొత్తం తీసేయనీయమాకరా. రొద లేకపోతే అది బస్సెట్టా అవుద్ది?"

మొదటిరోజే ఆయన్ని అడగాల్సిన ప్రశ్న అది.