వెలుగు మింగిన దొంగకు గొంతు

2023 వానాకాలం. యాంగోన్‌లో, పజుండౌంగ్ వాగు దగ్గర, ఒక టైలరు దుకాణం మీది అంతస్తులో నా డబ్బింగ్ గది ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. గోడలకు పాత బొంతలు, కిటికీకి రెండు వరసల తెర, మధ్యలో ఒక మైకు. బర్మా భాషలో వచ్చే ప్రకటనలకు, టీవీ నాటకాలకు గొంతులు పట్టడం, అంటే రికార్డు చేయడం, నా పని. ఇన్నేళ్లలో ఎందరెందరివో గొంతులు పట్టాను. ఒకరి గొంతు మాత్రం తీసేశాను. దాని గురించే ఈ రాత.

మా ఊళ్లో డబ్బింగ్ చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. వేరేచోట్ల కరెంటు పోతే పని ఆగుతుంది, వస్తే సాగుతుంది, అంతే. మాకు రికార్డింగ్ మిషన్ నడవడానికి బ్యాటరీ ఉంది. కానీ కరెంటు పోగానే వీధి మొత్తం జనరేటర్లు మొదలవుతాయి. ఎన్ని బొంతలు కట్టినా ఆ రొద మైకులోకి వస్తుంది. అందుకని కరెంటు ఉన్న గంటల్లోనే రికార్డింగ్. లేని గంటల్లో రిహార్సలు. బల్బు వెలగ్గానే ఎవరి చేతిలో టీ కప్పు ఉన్నా కింద పెట్టేసి మైకు ముందుకు పరిగెత్తాలి.

ఆ ఏడాది మా వీధిలోని తెలుగువాళ్ల గుడి కమిటీ వాళ్లు ఒక కార్టూన్ తెచ్చారు. ఎక్కడో విద్యార్థులు చేసి, ఎవరి భాషలో వాళ్లు చెప్పుకోండని వదిలేసిన బొమ్మల సినిమా. మా పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం బర్మా భాషలో చెబుతారు. మన మాటలో ఒక సినిమా చూపిస్తే నోరు విప్పుతారేమోనని కమిటీ ఆశ.

కథ సరదాగా ఉంటుంది. ఒక శాస్త్రవేత్త రాబోయే కాలానికని ఒక దీపం చేస్తాడు. నిమ్మకాయంత ఉంటుంది. తీగ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఎప్పటికీ ఆరదు. ముగ్గురు దొంగలు దాన్ని ఎత్తుకుపోతారు. తీరా చూస్తే దానికి స్విచ్చి లేదు. జేబులో పెడితే జేబు వెలుగుతుంది, కుండలో పెడితే కుండ వెలుగుతుంది. పోలీసులు తరుముతుంటే దొంగల పెద్ద, ఒక ముసలాడు, దాన్ని మింగేస్తాడు. ఇక అతని పొట్ట వెలగడం మొదలవుతుంది. దొంగతనానికి పోదామంటే వీధంతా వెలుగే. పిల్లలు పుస్తకాలు పట్టుకుని వెనకాల వస్తారు, ఆడవాళ్లు కూర తరగడానికి కత్తిపీటతో సహా వచ్చి అతని ముందు కూర్చుంటారు.

ఆ ముసలి దొంగకు గొంతు కావాలి. నలుగురిని విన్నాను, కుదరలేదు. ఐదోవాడు అప్పన్న బాబాయ్.

చిమిండైంగ్ బజారులో బస్తాలు మోసేవాడాయన. వాళ్ల తాత విశాఖ వైపు నుంచి ఇక్కడి రేవుకు పనికి వచ్చినవాడు. బాబాయ్ బజారులో ఒక మాట అంటే పది దుకాణాలు నవ్వుతాయి. అయితే మా వాళ్లందరికీ ఇంకో సంగతి కూడా తెలుసు. ఆయన ఒకప్పుడు గోదాములో రాగి తీగ దొంగిలించి ఇన్సేన్ జైలులో ఉండి వచ్చాడు. ఆయన లోపల ఉండగానే భార్య చనిపోయింది. కూతురు రత్నం అప్పటినుంచి తండ్రితో మాట్లాడలేదు.

"దొంగ ఏసానికి నన్నే ఎతుక్కున్నావేటి రాజూ?" అన్నాడు మొదటిరోజు, పెద్దగా నవ్వుతూ.

నేను తడబడ్డాను. "అది కాదు బాబాయ్, నీ గొంతు..."

"ఉండుండు. సిగ్గు పడాల్సింది నాను గాని నువ్వేటి?" అని బెంచీ మీద కూర్చున్నాడు.

ఆయనకు తెలుగు రాదు, అంటే చదవడం రాదు. కరెంటు లేని గంటల్లో నేను ఒక్కో మాటా చదివితే, ఆయన కళ్లు మూసుకుని విని తిరిగి చెప్పేవాడు. డబ్బింగ్‌లో లిప్ సింక్ అంటాం. బొమ్మ పెదవి కదిలినప్పుడే మాట మొదలై, మూసుకున్నప్పుడే ఆగాలి. కొత్తవాళ్లకు ఇది చాలా కష్టం. ఆయన మాత్రం తన మాటలే కాదు, పోలీసు మాటలు, శాస్త్రవేత్త మాటలు, చివరికి కుక్క అరుపు కూడా పట్టేశాడు. "మిగతావోళ్లు ఏటంతన్నారో తెలీకపోతే నాను దేనికి బదులు సెప్పాలి?" అనేవాడు.

ఒకరోజు పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "రాజూ, మా రత్నం ఒస్తాదంట సినిమాకి. పక్కింటోళ్లతో కబురెట్టాను, నా గొంతున్నాది, పాపని తెచ్చి సూపించమని. నా పక్కన కూకోనందట. ఎనక కూకుంతాదట." కాసేపు చెప్పులతో నేలను రాశాడు. "ఎనకయినా అదే హాలు కదేటి."

మర్నాటి నుంచి రికార్డింగ్. ఆ మర్నాడే నా మైకు కనబడలేదు.

అది కండెన్సర్ మైకు. ఊపిరి కూడా పట్టే సున్నితమైన రకం. వానాకాలం తేమ తగిలిందంటే చిటపటలాడుతుంది. కరెంటు ఉండని ఊళ్లో ఏసీ మాట మరిచిపోండి. నేను గుడ్డ సంచీలో చుట్టి, పొడి బియ్యం పోసిన డబ్బాలో దాచేవాణ్ణి. చదువుకున్న ఇంజనీర్లు నవ్వొచ్చు, నా మైకు మాత్రం బతికింది. ఆ రోజు డబ్బాలో చేయి పెడితే ఒట్టి బియ్యమే. గదంతా వెతికాను. ముందురోజు నేను కింద టైలరు దగ్గరికి వెళ్లినప్పుడు గదిలో ఒంటరిగా ఉన్నది అప్పన్న బాబాయ్.

నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అదే నా తప్పు. అడిగి ఉంటే ఆయన తిట్టేవాడు, నేను తల దించుకునేవాణ్ణి, అక్కడితో పోయేది. నేను మర్యాదస్తుణ్ణి అనుకుంటూ మనసులోనే తీర్పు చెప్పేశాను. స్నేహితుడి దగ్గర మైకు తెచ్చుకున్నాను. బాబాయ్ వచ్చేసరికి నోటికి వచ్చిన అబద్ధం ఒకటి చెప్పాను.

"కమిటీ వాళ్లు వేరే గొంతు కావాలన్నారు బాబాయ్. ఏమీ అనుకోకు."

ఆయన స్టాండు వైపు చూశాడు. దాని మీద కొత్త మైకు. తర్వాత తెరిచి ఉన్న బియ్యం డబ్బా వైపు, దాని చుట్టూ నేను ఒలకబోసిన గింజల వైపు చూశాడు.

"సరేలే బాబూ," అన్నాడు. అంతకుముందు నన్ను ఎప్పుడూ, యజమానిని పిలిచినట్టు, బాబూ అనలేదు.

ముసలి దొంగకు నేనే గొంతు ఇచ్చాను. పెదవి కదలికలకు సరిగ్గా సరిపోయింది. వింటే మాత్రం ఆ దొంగ ఏదో సభలో ప్రసంగిస్తున్నట్టుంది. తెలిసీ ఫైలు మూసేశాను.

సినిమా ఒక ఆదివారం మధ్యాహ్నం, గుడి హాలులో. ఆ పొద్దున మా ఆవిడ లక్ష్మి పిల్లలకు పులిహోర చేద్దామని ఇంట్లోని పెద్ద బియ్యం డబ్బా అడుగంటా ఒంపింది.

"ఏటండీ ఇది?" అంది వంటింట్లోంచి.

ఆమె చేతిలో నా గుడ్డ సంచీ. అప్పుడు గుర్తొచ్చింది. మైకు పోయిందనుకున్న ముందురోజు రాత్రి, గదిలోని బియ్యం తేమకు మెత్తబడ్డాయని, మైకును నేనే ఇంటికి తెచ్చి పెద్ద డబ్బాలో దాచాను. ఆ తర్వాత ఆమె దాని మీద కొత్త బియ్యం పోసింది. ఏళ్ల తరబడి గదిలోనే దాచిన అలవాటు వల్ల, ఆ రోజు కూడా గదిలోనే దాచానని నా చేయి నాకు చెప్పింది. నేను నమ్మాను. మనిషిని మాత్రం నమ్మలేదు.

లక్ష్మికి విషయం చెప్పాను. ఆమె తిట్టలేదు. "చేతులు కడుక్కుని వెళ్లండి," అంది.

చేతులు కూడా కడుక్కోకుండా చిమిండైంగ్ బస్సెక్కాను. బాబాయ్ ఇంటి ముందు బల్ల మీద కూర్చుని, ఉతికిన చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి, నేను నోరు తెరవకముందే అడిగాడు.

"దొరికిందేటి?"

"మా ఇంట్లోనే. బియ్యం డబ్బాలో. నేనే పెట్టి మరిచిపోయాను."

"ఓలమ్మో," అన్నాడు. నవ్వుదామని చూశాడు గాని నవ్వు సగంలో ఆగిపోయింది. "నువ్వు అడిగితే బాగుణ్ణు రాజూ. తిడితే బాగుణ్ణు. జైల్లో అయినా ఏటి సేసినావని ముందు అడుగుతారు."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక గాని తెలియలేదు.

"అది సరే. సినిమాలో ఇప్పుడు నా మాట లేదు కదా?"

"లేదు. ఈ పూట మార్చడానికి టైము లేదు."

"రత్నానికి నాను సెప్పనేదు." సూది గుండీలోనే ఆపేశాడు. "ఇప్పుడు దానికేటి సెప్పను? మా నాన్న మళ్లీ అబద్దమాడినాడు అనుకుంతాది."

ఆయన దారం కొరికి, చొక్కా తొడుక్కుని లేచాడు. "పద. రానంటే ఇంకా అబద్దమైపోతాది."

హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. బుగ్గలకు తనాకా, అంటే ఇక్కడి చెట్టుబెరడు గంధం, రాసుకున్న పిల్లలు చాపల మీద, పెద్దవాళ్లు గోడల వెంట. బాబాయ్ ముందు వరసలో ఒక మూల కూర్చున్నాడు. రత్నం వచ్చింది. ఇన్సేన్‌లో కాపురం ఆమెది, రోజూ ఆ జైలు గోడ దాటే బజారుకు పోవాలి. పాపను ఒళ్లో పెట్టుకుని అందరి వెనకాల, తలుపు దగ్గర కూర్చుంది.

సినిమా మొదలైంది. ముసలి దొంగ తెర మీదికి వచ్చి నోరు తెరిచాడు. నా గొంతు. నేను తిరిగి రత్నాన్ని చూశాను. ఆమె కాసేపు విన్నది. ఇంకో మాట విన్నది. తర్వాత నెమ్మదిగా సంచీ భుజానికి వేసుకుంది.

దొంగ దీపం మింగాడు. పొట్ట వెలిగింది. పిల్లలు హోయ్ అని అరిచారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

హాలంతా నవ్వులే. "ఆరని దీపం ఆరిపోనాది!" అని ఎవరో కేక. జనరేటరు ఆన్ చేయడానికి మనిషి కిందకు దిగాడు. అది ఒకంతట అంటుకునే రకం కాదు. రత్నం పాపను ఎత్తుకుని లేచింది.

నేను లేచి ఒక కిటికీ గుడ్డ తీసేశాను. వాన వెలుతురు లోపలికి వచ్చింది. గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు లేదు, నా పని ఎప్పుడూ వేరేవాళ్ల గొంతులు పట్టడమే. అయినా అన్నాను.

"ఒక్క మాట. ఈ దొంగకు ఉండాల్సింది నా గొంతు కాదు. ఇది అప్పన్న బాబాయ్ నేర్చుకున్న వేషం. నా మైకు పోయిందని, ఆయనే తీశాడనుకుని ఆయన్ని తీసేశాను. అడగను కూడా లేదు. మైకు ఈ పొద్దున మా ఇంట్లోనే దొరికింది. తప్పు నాది. బాబాయ్, నీకు ఇష్టమైతే మిగతా కథ నువ్వు చెప్పు."

బాబాయ్ నా వైపు చూడలేదు, వెనక్కీ చూడలేదు. లేచి, తెల్ల తెర ముందుకు వెళ్లి, రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

"ఓలమ్మోలమ్మో, పొట్టలో సూరుడు లెగిసినాడర్రా!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇక ఆయన ఆగలేదు. ఒక్కడే దొంగ, ఒక్కడే పోలీసు, ఒక్కడే కుక్క. "ఎవడ్రా అది?" అని పోలీసై అరిచి, "ఎవులూ నేరు బాబూ, సెందమామ!" అని దొంగై బదులు చెప్పాడు. కూర తరగడానికి వచ్చిన ఆడవాళ్లను, "కొంచెం ఇటు తిరగవయ్యా, ఉల్లిపాయ కనబడ్డం నేదు" అనిపించాడు. అది నేను రాసింది కాదు, అప్పటికప్పుడు పుట్టింది. కింద జనరేటరు దగ్గి దగ్గి ఆగిపోతోంది. ఎవరికీ పట్టలేదు.

తర్వాత వచ్చేది దొంగ ఇంటికి వెళ్లే ఘట్టం. ఇంటి తలుపు దగ్గరికి వస్తాడు. ఎన్నాళ్లో అయింది వచ్చి. తలుపు కొడదామని చేయి ఎత్తుతాడు. ఒళ్లంతా వెలుగుతోంది, చేసిందంతా బయటపడుతోంది, ఇంట్లోవాళ్లు ఏమంటారో తెలియదు.

బాబాయ్ చేయి ఎత్తాడు. "కొట్టనా," అన్నాడు. "మాననా."

అక్కడ ఆయన గొంతు ఆగిపోయింది. లిప్ సింక్ కోసం ఆపడం కాదది. తర్వాతి మాట ఆయనకు వచ్చు, నాకు తెలుసు. ఎత్తిన చేయి గాలిలోనే ఉండిపోయింది. పిల్లలు కూడా నిశ్శబ్దమైపోయారు. రికార్డింగ్‌కు ముందు గది ఖాళీ నిశ్శబ్దాన్ని కాసేపు పడతాం, రూమ్ టోన్ అంటాం. ఎన్నో గదుల నిశ్శబ్దం విన్నాను గాని అంత బరువైంది వినలేదు. వాన ఒక్కటే చప్పుడు.

వెనకనుంచి రత్నం గొంతు వచ్చింది. కోపంగా ఉందో, ఏడుపుతో ఉందో పోల్చుకోలేకపోయాను.

"తరవాత ఏటయ్యింది నాన్నా?"

ఆయన చేయి మెల్లగా దిగింది. తెర వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ ఇటు తిరిగాడు.

"సెప్తానమ్మా. కూకో," అన్నాడు.

ఆమె కూర్చుంది. వెనక కాదు. పాపను ఎత్తుకుని చాపల మధ్యగా వచ్చి, పిల్లల్ని జరగమని, ముందు వరసలో కూర్చుంది. ఇంతలో కరెంటు వచ్చింది. ప్రొజెక్టరు పక్క కుర్చీలో ఉన్నాయన స్విచ్చి వైపు చేయి చాపితే, నేను ఆ చేయి పట్టుకుని ఆపాను. కథ మొత్తం బాబాయే చెప్పాడు.

ఆ మర్నాడు మైకు పెట్టి ఆయన గొంతు పట్టాను. ఇప్పుడు మా పిల్లలు చూసే కాపీలో దొంగ గొంతు ఆయనదే. నా గొంతున్న ఫైలు కూడా చెరపలేదు. అప్పుడప్పుడు వింటాను. పెదవి కదలికలకు ఎక్కడా తప్పదు. ఎవరినీ నవ్వించదు.

ఇప్పుడు గదిలో ఏదైనా కనబడకపోతే ముందు నా ఇల్లు వెతుకుతాను. అక్కడా లేకపోతే మనిషి దగ్గరికి వెళ్లి, ఎదురుగా నిలబడి, నోరు తెరిచి అడుగుతాను. మనిషికి బదులు చెప్పే అవకాశం ఇవ్వడమే గౌరవమని, గొంతులు పట్టే పనిలో ఇన్నేళ్లుండి, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.