గుట్ట మీంచి కనిపించిన కల్లం

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో అన్నయ్య రోడ్ల సర్వేలో పనిచేసేవాడు. అక్కణ్ణుంచి అరచేతిలో పట్టే జీపీఎస్ ఒకటి తెచ్చి, కొత్తగా పుట్టిన బిడ్డను చూపించినట్టు ఊరంతా చూపించాడు. వినుకొండ అవతల మా ఊరి వెనక గుట్టల్లో, బాట లేనిచోట దాన్ని పరీక్షించాలట. కల్లంలో ఏడాది పంట మిర్చంతా ఆరబోసి ఉంది. అమ్మ పెదకాకాని గుడికి వెళ్ళింది. పక్క కల్లం ఆయనకు చెప్పి వెళ్దామంటే, గట్టు తగాదాతో నాన్నకూ ఆయనకూ మాటల్లేవు. అయినా కొడుకు అడిగితే నాన్న కాదనలేడు, కల్లం వదిలి బయల్దేరాడు. నాకు ఒళ్ళు మండింది. వదిలేస్తే పొద్దుగూకినా దిగరని నేనూ వెంటపడ్డాను.

దారి తప్పి ముళ్ళపొదల్లో పడ్డాక పడమట మబ్బు లేచింది. ఆరిన కాయ మీద జల్లు పడితే బూజు పడుతుంది, ఇక కొనేవాడుండడు. నాకు కాలు నిలవలేదు.

అన్నయ్య మిషన్‌లో బాణం ఊరివైపే చూపిస్తోంది. దాని వెంట పోతే నిలువునా లోయ అడ్డొచ్చింది.

"బాణం కరెక్టేనే. లోయ ఉందని దానికెట్లా తెలుస్తది?"

"నీకు కళ్ళున్నాయిగా!" అని అరిచాను.

"ఆపండెహె," అన్నాడు నాన్న. "కింద ఎర్రగా కల్లాలు కనపడతన్నాయిగా. వాటికేసి దిగితే సరి."

ఆయన అంటుండగానే ఎరుపు ఒక్కొక్కటే మాయమైంది. మబ్బు చూసి రైతులు నీలం టార్పాలిన్ పట్టాలు కప్పుతున్నారు. ఏటా కింద నిలబడి పట్టా లాగే నాన్నకు, పైనుంచి చూస్తే గుర్తే పోతుందని తట్టలేదు. కాసేపటికి అంతా నీలం. ఒక్కచోటే ఎరుపు మిగిలింది.

"అదే మనది," అన్నాడు నాన్న. కప్పే దిక్కు లేనిది మాదొక్కటే మరి.

దాన్నే చూస్తూ రాళ్ళమీద జారుతూ దిగాం. దారి దొరికినందుకు సంతోషించాలో, దొరికిన తీరుకు ఏడవాలో తెలియలేదు. చెప్పు తెగింది, చేత్తో పట్టుకుని నడిచాను. గాలి చల్లబడింది. మళ్ళీ చూసేసరికి పక్క కల్లం నుంచి నలుగురు పరుగెత్తుకొచ్చి మా మిర్చి మీద పట్టా లాగుతున్నారు. ఆ ఎరుపూ పోయింది.

నాన్న బండ మీద కూలబడి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. చినుకులు మొదలయ్యాయి.

"ఇప్పుడెటు పోదాం నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"ఎటోకటు పోదాంలేరా. ముందు పక్క కల్లం ఆయనకేం చెప్పాలో తోచనియ్యి."