ఎడమవైపు గీత

మంగళవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపాడు. నాచారం నుంచి ఫోన్ వచ్చిందని, మా పాత ఇంటి ఓనరు మామ పోయాడని చెప్పాడు. లోపలికి పోకుండా బండిని అటే తిప్పాను. ఆ బండి గురించి చెప్పకుండా మామ గురించి చెప్పడం నాకు చేతకాదు.

ఎనభైల మధ్యలో భువనగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి నాచారంలో పనికి కుదిరాను. ఆయన ఇంటి ముందరి గదిలో తొమ్మిదేళ్లు కిరాయికున్నాను. చుట్టరికం లేకపోయినా ఆయన్ను మామ అని, ఆయన భార్యను అత్తమ్మ అని పిలిచేవాడిని. మామ రైల్వే వర్క్‌షాపులో పెయింటరుగా చేసి రిటైరైన మనిషి. అందులోనూ ఆయన పని గీతలు. రైలుపెట్టె పక్కన ఈ చివర నుంచి ఆ చివరిదాకా సాగే గీతను చేత్తో వేసేవాడు. చెయ్యి వణకడం మొదలయ్యాక స్టోర్సులో కూర్చోబెట్టారట. ఆ సంగతి అత్తమ్మ చెప్పింది. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

వచ్చిన రెండో ఏడు నేనొక పాత విలాయతీ మోటార్ సైకిల్ కొన్నాను. నల్లది, టాంకికి రెండు పక్కలా సన్నటి బంగారు రంగు గీత. కొత్తది కొనే స్తోమత లేక కొన్నాను తప్ప అది అందమైనదని నాకు తెలియదు. తెలిసింది మామకు. ఆ సాయంత్రమే పీట తెచ్చుకొని దాని పక్కన కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

"నిలవడి జూస్తే ఏం గనవడదు అల్లుడా. చక్రమంత ఎత్తుల కన్ను వెట్టి జూడు."

కూర్చుంటే నిజంగానే వేరే బండిలా కనిపించింది. ముందు మడ్‌గార్డు కొస కొద్దిగా బయటికి ఎందుకు విచ్చుకుందో, సైలెన్సర్ గొట్టం ఇంజిన్ దగ్గర ఎట్లా వంగి సాఫుగా వెనక్కి పోయిందో వేలితో చూపించాడు. ఏదీ సోకు కోసం చేసింది కాదట. బురద ఎగరకుండా, పొగ కాలికి తగలకుండా చేస్తూ చేస్తూ అందంగా చేశారట. గీత దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. గీత లేకపోతే ఆ టాంకి బర్రె కడుపులా ఉంటుందని, వేసినవాడు దాన్ని నాజూకు చేశాడని చెప్పాడు. సీటు మొదట్లో గీత ఒకచోట గోరంత మందమైంది. "గీడ ఊపిరి వదిలిండు" అన్నాడు. ఏ ఊరివాడో, ఎప్పటివాడో తెలియని మనిషి గురించి, పక్క బల్ల మీద పని చేసినవాడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత అది రోజుటి పనే అయింది. సాయంత్రం ఎండ వాలేవేళ పీట బయటికి వచ్చేది. అత్తమ్మ చాయ్ ఇస్తూ ఎత్తిపొడిచేది.

"నన్నెన్నడన్న గిట్ల జూసిండా? గా టాంకిని దినాం కొత్త పెండ్లాన్ని జూసినట్టు జూస్తడు."

"నువ్వు ఒక్కకాడ నిలవడ్తె గద జూసేది" అనేవాడు మామ.

ఒకసారి ఆయన పది రోజులు కాజీపేటలో బిడ్డ ఇంటికి పోయాడు. ఇంతగా ఇష్టపడే బండిని ఆయన వచ్చేసరికి కొత్తదాని లెక్క చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఉప్పల్‌లో ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు గరుకు నీళ్ల కాగితంతో పాత రంగంతా గీకి, మిషన్‌తో నల్లరంగు కొట్టి, గీత ఉన్నచోట నిప్పుమంటల స్టిక్కర్ అంటించారు. అద్దంలా మెరిసింది. నేను రెండుసార్లు తుడిచి వాకిట్లో పెట్టాను.

మామ బస్సు దిగి వచ్చాడు. చేతిసంచి కింద పెట్టకుండానే టాంకి మీద చెయ్యి పెట్టి, స్టిక్కర్ మీదుగా మెల్లగా జరిపాడు.

"గీత ఏది అల్లుడా?"

కొత్తదాని లెక్క చేయించానని చెప్పాను. మంచిగ మెరుస్తున్నదని ఆయనా అన్నాడు. కానీ ఆ సాయంత్రం పీట బయటికి రాలేదు. వారం దాటినా రాలేదు. చివరికి అత్తమ్మ నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది.

"అట్ల చేత్తోని గీసెటోళ్లు ఇగ లేరంట. తాను సుత ఇగ గియ్యలేనని గోడ దిక్కు తిరిగి పండుకుంటుండు."

మెరుపు కోసం నేను గీకించింది రంగు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. స్టిక్కర్ పీకేసి, పోయి ఆయన్నే గీత వేయమని అడిగాను. మామ కుడిచెయ్యి చాపి చూపించాడు. వణుకుతోంది. నేను తల వంచుకొని వచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఆదివారం ఆయనే పాత రేకుడబ్బా పట్టుకొని బయటికి వచ్చాడు. అందులో గుడ్డలో చుట్టిన కుంచె. వెంట్రుకలు బిరుసెక్కకుండా అన్నేళ్లూ కొబ్బరినూనె రాసి దాచుకున్నాడు. చిటికెన వేలు టాంకి అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, కుడివైపు గీత ఒక్క ఊపులో లాగాడు. పాతది ఎక్కడుండేదో అక్కడే, అంతే సన్నగా. చెయ్యి వణకలేదు. అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది.

ఎడమవైపు సాగలేదు. జానెడు పోయేసరికి చెయ్యి అదిరింది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగుసార్లు తుడిచాడు. ఐదోసారీ జానెడు దగ్గరే ఆగింది, ఈసారి తుడవలేదు. కుంచె కడిగి గుడ్డలో చుట్టాడు.

"ఎవలన్న అడిగితే పని నడుస్తున్నదని చెప్పు."

మర్నాటి నుంచి పీట మళ్లీ బయటికి వచ్చింది, కుడివైపుకు. నేను బండిని ఎప్పుడూ ఎడమవైపు గోడకు ఉండేట్టు నిలిపేవాడిని. ఆయన అది కనిపెట్టే ఉంటాడు. తర్వాత నేను మేడిపల్లిలో సొంతిల్లు కట్టుకున్నాను. అక్కడ ఆయన చూసేది లేకపోయినా అట్లాగే నిలుపుతూ వచ్చాను.

మంగళవారం అన్నీ అయ్యాక బయలుదేరుతుంటే అత్తమ్మ ఆ రేకుడబ్బా నా చేతిలో పెట్టింది. ఇంటికి వచ్చి బండిని మొదటిసారి ఎడమవైపు బజారుకు కనబడేట్టు నిలిపాను. పక్కింటాయన చూసి, ఇదేంది, గీత సగమే ఉందని అడిగాడు. మామ చెప్పమన్నదే చెప్పాను.

తర్వాత వాకిట్లో చక్రమంత ఎత్తులో కూర్చున్నాను. వాలిన ఎండలో నల్లటి టాంకి మీద జానెడు బంగారు గీత, ఆగిన చోట గోరంత మందం.